చుక్క లేని రోజు

గట్టు మీది ఆ రెండు గదుల కార్యాలయం నుంచి నీళ్ళ దాకా తొంభై రెండు మెట్లు. దిగేటప్పుడు అందరూ మొనగాళ్ళే. ఎక్కేటప్పుడే ఎవరి మోకాళ్ళ సంగతేమిటో బయటపడుతుంది. ఆ మెట్లు దిగి, నదిలో నిలబెట్టిన కొలపలకల మీద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసి, పైకెక్కి, సరిహద్దుకు అవతల దిగువనున్న కార్యాలయానికి ఫోన్లో ఆ అంకె చెప్పడం ఆయన ఉద్యోగం. ఇక్కడి నీళ్ళు అక్కడికి చేరడానికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల ముందస్తు కబురు కోసమే రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. పదకొండేళ్ళుగా ఆ ఒప్పందమంటే ఈ చివర ఆయన, ఆ చివర ఇంకొకాయన, మధ్యన ఒక తీగ. ఊరంతా ఆయన్ని మెట్లాయన అంటుంది. నాలుగు నెలలుగా ఆ పిలుపు వినబడితే చాలు, ఆయన తల వంచుకుంటున్నాడు.

ఆ ఉదయం కూడా ఆరింటికల్లా దిగాడు. కిందిమెట్టు మీద గొంతుక్కూచుని, అల పైకి లేచినప్పుడు ఎంత, దిగినప్పుడు ఎంత అని మూడేసి సార్లు చూసి, మధ్యస్తంగా ఉన్న గీతను పెన్సిలుతో అరచేతిలో రాసుకున్నాడు. రెండు మీటర్ల నలభై. ఎండాకాలపు నది, కదలడానికే బద్ధకిస్తోంది. అయినా ఇంకోసారి చూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఈ నాలుగు నెలల్లో చూసినంత శ్రద్ధగా ఆయన నదిని ఎన్నడూ చూడలేదు.

పైకెక్కేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఫోన్ తీసి అంకె చెప్పాడు. అవతల అమ్మాయి గొంతు.

"రెండూ... నలభై. అంతేనా పెదనాన్నా?"

అంకెను అలా రెండు ముక్కలు చేసి పలికి, చివర "అంతేనా" అనడం వాళ్ళ నాన్న అలవాటు. పదకొండేళ్ళు రోజుకు మూడుసార్లు ఆ "అంతేనా అన్నా" వింటూనే మెట్లాయన తన రోజును మూడు ముక్కలుగా కోసుకున్నాడు. ఒక్కసారి కూడా మొహం చూసుకోలేదు. సరిహద్దు గీత నదికి అడ్డంగా గీశారు గాని మాటకు అడ్డంగా గీయలేకపోయారు. భాష ఒకటే, వరస కలిసింది, అన్నా తమ్ముడూ అనుకున్నారు. ఇప్పుడా తమ్ముడు లేడు. కిందటి వరదలో పోయాడు. అతని ఉద్యోగంలో తాత్కాలికంగా కూతుర్ని కూర్చోబెట్టారు. ఆ పిల్ల "అంతేనా" అన్నప్పుడల్లా మెట్లాయన అంకె రాసిన అరచెయ్యి మూసుకుంటాడు.

ఆ రోజు ఆమె వెంటనే పెట్టెయ్యలేదు. ఎల్లుండి రెండు దేశాల సంయుక్త సంఘం ఎగువ కార్యాలయంలోనే కూర్చుంటుందని, నాన్న రిజిస్టర్లన్నీ పట్టుకుని తననూ రమ్మన్నారని చెప్పింది. ముసాయిదా కాగితం ముందే పంపారట. ఎగువ నుంచి సమాచారం వేళకే అందిందనీ, దిగువ ఉద్యోగి సైరన్ మోగించకుండా కుర్చీ వదిలి వెళ్ళిపోయాడనీ, పదిహేడు మంది ప్రాణాలు పోవడానికి అదే కారణమనీ అందులో ఉందట. అది ఖాయమైతే తన ఉద్యోగమూ ఉండదు, ఉంటున్న క్వార్టరూ ఖాళీ చెయ్యాలి.

"ఉద్యోగం పోతే పోనీ పెదనాన్నా. బజార్లో నడుస్తుంటే వాళ్ళ ఇళ్ళవాళ్ళు నన్ను చూస్తారు. ఏమీ అనరు. ఊరికే చూస్తారు."

ఆయన ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఇంకోటి. నాన్న రిజిస్టర్లో అంకెల పక్కన చిన్న చుక్కలు ఉన్నాయి. కొన్నిటికి ఉన్నాయి, కొన్నిటికి లేవు. అవేంటో మీకేమైనా తెలుసా?"

తెలియదన్నాడు. నిజంగానే తెలియదు.

"నాన్న పనులు ఒక్కోటీ అంతే. కొన్ని రోజులు మధ్యాహ్నం అన్నం ముందునుంచి లేచిపోయి మెట్లు దిగేవాడు. మావి నూట పది మెట్లు. ఎందుకు నాన్నా ఇప్పుడూ అంటే, ఆకలి పెరుగుతుందిలే అనేవాడు."

ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు ఆయన చెయ్యి దాని మీదే ఉంది.

*

ఇంట్లో ఆయన భార్య కంచం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆవిడ నోరు మంచిదే గాని ఊరుకునే నోరు కాదు. మామూలుగా అయితే ఈపాటికి, ఆ నదిని కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నారూ అని మొదలుపెట్టేది. నాలుగు నెలలుగా ఆ వేళాకోళమూ తగ్గింది. ఆయన నాలుగు ముద్దలు తిని ఆగాడు. తల కాస్త పక్కకు వాల్చి వింటున్నాడు.

"మోగట్లేదు," అందావిడ.

"తెలుసు."

తెలిసినా వింటాడు. వరద రోజు సాయంత్రం నాలుగింటికి ఆయన ఫోన్ చేసినప్పుడు అవతల నలభై ఒక్కసారి మోగింది. ఎవరూ ఎత్తలేదు. ఆ నలభై ఒకటీ ఆయన చెవిలోనే ఉండిపోయాయి. అన్నం తింటున్నా, తలుపు గడియ పెడుతున్నా, దూరంగా ఎక్కడో ఎవరిదో ఫోన్ ఎత్తకుండా మోగుతున్నట్టే ఉంటుంది. మొన్నొకసారి కార్యాలయంలో మోగని ఫోన్ ఎత్తి, చెప్పు తమ్ముడూ అన్నాడు. తుడిచే మనిషి చూసి చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సంఘం వస్తోందని చెప్పాడు. దిగువ పిల్ల చెప్పిందంతా చెప్పాడు. ఆవిడ కంచం అంచున అతుక్కున్న మెతుకుల్ని వేలితో ఒక్కొక్కటీ లోపలికి నెట్టింది.

"ఆ రోజు వెళ్ళొద్దన్నది నేనే కదా," అంది చివరికి.

అన్నది నిజమే. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఆవిడ టీ పట్టుకుని కార్యాలయానికి వెళ్ళింది. కుండపోత వాన. మెట్లు పాచి పట్టి ఉన్నాయి. కాలు జారితే ఎవరు దిక్కు, కిటికీలోంచి కనబడుతూనే ఉందిగా అంది. ఆయన కూడా రెండోసారి చెప్పించుకోలేదు. ఆరేళ్ళ కిందట పైవాళ్ళు దుర్భిణి ఇచ్చినప్పటి నుంచి కిటికీ దగ్గరే కడుపులో చల్ల కదలకుండా అంకె చూడటం ఆయనకు అలవాటైపోయింది. ఆ పలకలు ఒక్కోటి ఒక్కో మీటరు. అన్నిటి మీదా గీతలు ఒకటే, పై అంచున ఉన్న ఎర్రటి పెద్ద అంకె చూస్తేనే అది అయిదో పలకా ఆరో పలకా అని తెలుస్తుంది. ఆ రోజు కొట్టుకొచ్చిన కొమ్మొకటి సరిగ్గా ఆ ఎర్రంకె మీద చిక్కుకుంది. ఇరవయ్యో గీత కనబడింది. పొద్దున అయిదు మీటర్ల పది ఉంది కాబట్టి ఇప్పుడు అయిదు ఇరవై అనుకున్నాడు. పది సెంటీమీటర్లు పెరిగిందనుకున్నది మీటరూ పది పెరిగింది. ఆరు దాటితే దిగువన సైరన్ మోగించాలి.

నాలుగింటికి కొమ్మ కొట్టుకుపోయింది. కిటికీలోంచి చూస్తే ఎర్రటి ఏడు. అప్పుడు ఫోన్ చేశాడు.

"నువ్వనకపోయినా వెళ్ళేవాణ్ణి కాదు," అన్నాడాయన. ఆవిడను ఓదార్చడానికి అన్న మాట కాదది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఎనిమిది నెలల్లో రిటైరవుతారు. చెప్పారనుకోండి, చచ్చినవాళ్ళు లేచొస్తారా?"

"రారు."

"మరి?"

ఆయన చెయ్యి కడుక్కుని కార్యాలయానికి బయల్దేరాడు. రెండింటి అంకె వేళయింది.

*

మర్నాడు పెద్ద ఇంజనీరు ముందుగానే దిగాడు. గోడలకు సున్నం వేయించాడు, బల్ల మీదికి గుడ్డ తెప్పించాడు, రెండు జెండాలూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో వంగి చూసుకున్నాడు. చెడ్డవాడని చెప్పడానికి వీల్లేదు. మెట్లాయన మోకాళ్ళ నొప్పి గుర్తుపెట్టుకుని అడిగేవాడు, ఆ దుర్భిణి తెప్పించి ఇచ్చినవాడూ ఆయనే. మెట్లాయనను వరండాలోకి పిలిచి సిగరెట్టు ముట్టించి, సంగతంతా విడమరిచి చెప్పాడు. ఒప్పందం గడువు వచ్చే నెలతో తీరిపోతుంది. అవతలి రాజధానిలో దాన్ని చింపెయ్యమని అరిచేవాళ్ళు అరుస్తున్నారు, ఇవతలా తక్కువేం లేరు. ఎగువవాళ్ళు తప్పుడు అంకె ఇచ్చారన్న మాట బయటికొస్తే చాలు, ఆ ఫోన్ తీగ తెగిపోతుంది. ఆ తర్వాత వరదలొస్తే దిగువవాళ్ళకు చెప్పే దిక్కే ఉండదు.

"మన రిజిస్టర్లో ఉన్నదే చదువు. ఒక్క ముక్క ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. పోయినవాడు ఎలాగూ పోయాడు. ఆ తప్పు ఇంకో నలుగురి ప్రాణాలు కాపాడుతుందనుకో."

ఆయనకు ఏమైనా తెలుసా, తెలియకే అలా అంటున్నాడా అని మెట్లాయన మొహంలోకి చూశాడు. ఇంజనీరు సిగరెట్టు బూడిద రాలుస్తూ నది వైపు తిరిగాడు. తెలుసుకోకుండా జాగ్రత్తపడే మనిషి మొహం అది. మెట్లాయన సరేనన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఇన్నాళ్ళూ ఊరుకున్నవాడికి ఇంకొక్క రోజు ఊరుకోవడం ఎంత పని?

*

సంఘంలో అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. అటువాళ్ళ పెద్ద ఒక మేడమ్. జుట్టు నెరిసింది, తక్కువ మాట్లాడుతుంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటే తప్ప ఎవరి వంకా సూటిగా చూడదు. బల్ల చివర దిగువ పిల్ల కూర్చుంది. ఒళ్ళో గుడ్డమూట. అందులో పదకొండు రిజిస్టర్లు. మెట్లాయన ఆమెను చూడటం అదే మొదలు. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. వెడల్పాటి నుదురు, కాస్త వంకర తిరిగిన చిటికెనవేలు. తమ్ముడి మొహం తెలియని ఆయన ఆ పిల్ల మొహంలో దాన్ని వెతకబోయి, ఆమె నమస్కారం పెట్టగానే చూపు తిప్పేసుకున్నాడు.

మొదట ఆయన చేత చదివించారు. మధ్యాహ్నం రెండు గంటలు, అయిదు మీటర్ల ఇరవై, ఫోన్లో తెలిపితిని. చదివాడు. దిగువ రిజిస్టరు తెరిచారు. అదే వేళ, అదే అంకె, పక్కన ఒక ప్రశ్నగుర్తు. అనుమానం వచ్చినవాడు అక్కడే కూర్చోకుండా మూడున్నరకు గొడుగు వేసుకుని నది వైపు వెళ్ళడం చూసినవాళ్ళున్నారని ఇంజనీరు చదివి వినిపించాడు. సైరన్ గది తాళంచెవి అతని జేబులోనే ఉండిపోయింది. పై నుంచి అంకె వస్తే తప్ప, లేదా తమ పలక మీద హద్దు దాటితే తప్ప సైరన్ మోగించకూడదన్న నిబంధన ఉందని మేడమ్ గుర్తుచేసింది. ఇంజనీరు కాదనలేదు. పేజీలు తిప్పి ఆమె ముందుకు జరిపాడు.

"మనిషి ఎంత అశ్రద్ధో ఈ రిజిస్టరే చెబుతోంది మేడమ్. చూడండి, పేజీల నిండా సిరా చుక్కలు."

మేడమ్ ఆ పిల్లను అడిగింది. తనకు తెలియదని ఆమె చెప్పింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అంకెలు రెండు పుస్తకాల్లోనూ సరిపోయాయో లేదో చూసి సంతకం పెట్టమంటూ రిజిస్టర్లను మెట్లాయన ముందుకు తోశారు.

ఆయన మొదటి సంవత్సరం పుస్తకం తెరిచాడు. ముత్యాల్లాంటి అంకెలు. సిరా ఒలికిన చుక్కలు కావవి. కలం మొన ఒక్కసారి ఆనించి తీసినట్టు, ప్రతి అంకెకూ కుడిపక్కన, ఒకే దూరంలో ఉన్నాయి. పొద్దున చుక్క, మధ్యాహ్నం చుక్క, సాయంత్రం చుక్క. ఏడాదంతా అంతే. రెండో ఏడాది మధ్యలో ఒక వారం చుక్కల్లేవు. ఆ నెల చూశాడు. ఆ వారం భార్యకు ఆపరేషను. ఆసుపత్రి నుంచి పరుగున వచ్చి, పైనుంచే ఓ చూపు చూసి అంకె చెప్పిన వారమది. ఆయన వేలు పేజీ మీద ఆగిపోయింది.

అయిదో పుస్తకం చివర ఒక గురువారం నుంచి మధ్యాహ్నపు చుక్కలు పోయాయి. దుర్భిణి వచ్చింది అప్పుడే. ఆ మరుసటేడు సాయంత్రపు చుక్కలూ పల్చబడ్డాయి. వానరోజుల్లో ఒక్కటీ లేదు. చివరి పుస్తకంలో పొద్దుటి చుక్కలు మాత్రం మిగిలాయి. ఇతనికెలా తెలిసింది? రెండు గంటల ప్రయాణమంత దూరంలో కూర్చున్న మనిషికి, తాను మెట్లు దిగాడో దిగలేదో ఎవరు చెప్పారు?

అప్పుడు గుర్తొచ్చింది. మొదట్లో తమ్ముడు నవ్వేవాడు. "ఏంటన్నా ఆ ఆయాసం, కుక్క తరిమిందా?" అనేవాడు. రోజూ ఏదో ఒకటి అనేవాడు. ఎప్పటి నుంచో అనడం మానేశాడు. ఎప్పటి నుంచో ఇప్పుడు పుస్తకంలో తేదీతో సహా ఉంది. అతను అంకె ఒక్కటే వినలేదు, ఊపిరి కూడా విన్నాడు. ఆయాసం వినబడితే చుక్క పెట్టుకున్నాడు. వినబడకపోతే పెట్టలేదు. ఆ అంకెను నమ్మలేక, అన్నం ముందునుంచి లేచి నూట పది మెట్లు తనే దిగాడు. ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. చేసుంటే అన్న ఉద్యోగం పోయేది.

ఆరేళ్ళు ఇక్కడ తాను దిగని మెట్లన్నీ అక్కడ అతను దిగాడు. చివరిసారి దిగినప్పుడు నది ఎదురొచ్చింది.

"సంతకం," అన్నాడు ఇంజనీరు, కలం మూత తీసి అందిస్తూ.

మెట్లాయన లేచి నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చేతులు చొక్కా బొత్తాల మీద తిరిగాయి.

"ఇవి మరకలు కావు మేడమ్. నేను మెట్లు దిగి చూసొచ్చి చెప్పిన రోజుల లెక్క ఇది. చుక్క లేని రోజు నేను దిగలేదు. ఆ రోజు రెండింటికీ దిగలేదు. అది అయిదు కాదు, ఆరు ఇరవై."

ఇంజనీరు చేతిలో కలం అలాగే ఉంది. మెట్లాయన పిల్ల వైపు తిరిగాడు. ఆమెకు చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉంది, అది ఎవరి రిజిస్టర్లోనూ లేదు.

"మీ నాన్న అడిగాడమ్మా. ఇంకోసారి చూడన్నా అన్నాడు. చూశాన్లే తమ్ముడూ అన్నాను. అప్పుడు నా చేతిలో టీ గ్లాసుంది."

ఆ పిల్ల గుడ్డమూట నాలుగు కొసలూ పట్టుకుని ముడి వెయ్యబోయి, రిజిస్టర్లు బల్ల మీదే ఉన్నాయని గుర్తొచ్చి వదిలేసింది.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడిచి, చాలాసేపు మళ్ళీ పెట్టుకోలేదు. ఒప్పందం మాటెత్తుతుందని ఇంజనీరు ఎదురుచూశాడు. ఆమె చుక్కలున్న పేజీ మీద వేలు నిలువుగా కిందికి జరిపింది.

"తప్పు అంకె వచ్చిన తీగే ఇది," అంది. "ఈ లెక్క వచ్చిందీ ఈ తీగ మీదే. తీగ ఉండాలి. ముసాయిదాలో నాలుగో పేరా కొట్టెయ్యండి."

ఆ పేరాలో పోయినవాడి తప్పు ఉంది. దాని బదులు ఏం రాయాలో రాయడానికి సాయంత్రమైంది. మెట్లాయన మీద చర్య ఏమిటన్నది తరువాత తెలుపుతామన్నారు. కొత్తమనిషి వచ్చేదాకా అంకెలు మాత్రం ఆయనే చెప్పాలన్నారు. ఇంజనీరు వెళ్తూ వెళ్తూ ఆయన వంక చూడలేదు. గోడకు వేలాడుతున్న దుర్భిణి మాత్రం తీసుకుపోయాడు.

ఇంట్లో భార్యకు ఒక్కమాటలో చెప్పాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత లేచి, మోకాళ్ళకు రాయడానికి నూనె వెచ్చబెట్టింది.

*

మర్నాడు ఆరింటికి ఆయన కిందిమెట్టు మీద ఉన్నాడు. రెండు ముప్పై ఎనిమిది. మూడుసార్లు చూశాడు. పైకెక్కి ఫోన్ తిప్పాడు.

మోగింది. రెండు, మూడు. ఎనిమిది. ఎత్తదనుకున్నాడు. ఎత్తాల్సిన బాధ్యత ఉద్యోగానిదే గాని ఆ పిల్లది కాదనుకున్నాడు. పంతొమ్మిది. నలభై ఒకటి దాకా లెక్కపెట్టే ఓపిక తనకు ఉందా అనుకుంటుండగా మోత ఆగింది. అవతల ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది. ఆమె కూడా తన ఊపిరి వింటోందని ఆయనకు తెలిసింది.

అంకె చెప్పాడు.

"రెండూ... ముప్పై ఎనిమిది," అంది. అంతేనా అనలేదు. పెదనాన్నా అనలేదు. "ఇంకోసారి చూడండి."

ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. బల్ల మీద పక్కన పడుకోబెట్టి బయటికి నడిచాడు. తొంభై రెండు మెట్లూ కమ్మీ పట్టుకుని దిగాడు. పలక ముందు కూర్చుని, అల లేచినప్పుడు ఎంత, దిగినప్పుడు ఎంత అని చూశాడు. నది ఏమీ మారలేదు. మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు. అరవయ్యో మెట్టు దగ్గర కూర్చోవలసి వచ్చింది. మోకాలు పట్టేసింది. ఈపాటికి పెట్టేసి ఉంటుందనుకున్నాడు. అయినా లేచి ఎక్కాడు.

ఫోన్ చెవికి ఆనించాడు. ఆమె ఉంది.

"రెండు... ముప్పై ఎనిమిది," అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక ఆగాల్సి వచ్చింది.

అవతల కాగితం మీద కలం ఆనిన చప్పుడు.

"చుక్క పెట్టాను," అంది ఆ పిల్ల. "రెండింటికి చెయ్యండి."